బొమ్మలకు ప్రాణము పోయువారు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపురమను గ్రామ ముండెడిది. చుట్టును ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచిన పెద్ద పెద్ద రాతిగుండ్లు, వాని నడుమ ముండ్లపొదలు, ఒక ప్రక్క దుర్గముచెరువు, ఇంతియే ఆనాటి దృశ్యము. గోలకొండ కోటకు మంచినీ రొసగిన చెరువది. ఆ గుట్టల నడుమ సైబర్ టవర్స్ అను గుండ్రని భవనమును 1998వ సంవత్సరము నవంబరు మాసమున నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. నేడా ప్రాంతమును హైటెక్ సిటీ యనియు, పరిసరముల నన్నిటిని కలిపి సైబరాబాదనియు వ్యవహరించుచున్నారు. రాతిగుండ్లలో పెక్కు పిండియై పోయినవి. చెరువు మాత్రము మిగిలినది.

ఆ అద్దాల మేడలలో పనిచేయువారిని గూర్చి మనము సాధారణముగా ఒకే విధముగా తలంతుము. వారు కంప్యూటరు ముందు కూర్చుండి, ఎక్కడనో దూరదేశమున నున్న బ్యాంకుల లెక్కలను, విమానముల టిక్కెట్లను సరిచూచువారని మన యూహ. అది చాలవరకు నిజమే. కాని ఇదే నగరమున ఈగకు నడక నేర్పువారు, పులికి రోమములు మొలిపించువారు, లేని జలపాతమును కొండపైనుండి దూకించువారు కూడ నున్నారు. వారి పని వినోదమును తయారుచేయుట. బొమ్మల చిత్రములు, చలనచిత్రములలోని మాయాదృశ్యములు, కంప్యూటరు ఆటలు వారి సరుకు.

వీరిలో పెక్కుమంది తమ పనిని ప్రేమింతురు. అది కేవలము జీతము నచ్చుట కాదు. సాయంకాలము గంట కొట్టినను కుర్చీ విడువ బుద్ధి పుట్టకుండుట, ఇంటికి పోయిన పిదప కూడ ఆ బొమ్మయే కన్నుల ముందు మెదలుట. ఆ రుచి పనిలో ఏ భాగమున దాగియున్నది? ఆ ప్రేమకు వారేమైన వెల చెల్లించుచున్నారా? ఈ రెండు ప్రశ్నలను విడివిడిగా గాక, కలిపియే చూడవలసియున్నది.

మీకు చిరపరిచితుడైన ఒక బాలునితో ఆరంభింతము. లడ్డూ తిని, కండలు బిగించి, దుష్టులను మట్టిగరిపించు ఛోటా భీముని ఎరుగని బాలబాలికలు మన దేశమున అరుదు. ఢోలక్‌పూర్ అను కల్పిత రాజ్యము వాని నివాసము. కాని వాని పుట్టినిల్లు మాత్రము హైదరాబాదు.

శ్రీ రాజీవ్ చిలక ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు కాన్సస్ సిటీ శాఖలో కంప్యూటరు శాస్త్రమున ఉన్నత పట్టము పొందిరి. ఆ కాలపు తెలుగు యువకులకు అది రాచబాట. ఆ బాటను పట్టి అచ్చటనే స్థిరపడినవా రెందరో. ఆయన మాత్రము దానిని విడిచి, శాన్ ఫ్రాన్సిస్కో నగరమున బొమ్మల చిత్రకళను అభ్యసించిరి. 2001లో హైదరాబాదున గ్రీన్ గోల్డ్ యానిమేషను అను సంస్థను నెలకొల్పిరి. ఛోటా భీమ్ ధారావాహికము పోగో అను టెలివిజను కేంద్రమున మొదలైనది 2008లో. అనగా సంస్థ పుట్టిన ఏడేండ్లకు!

ఈ ఏడేండ్లను మనము తొందరగా దాటిపోరాదు. ఆ కాలమున మన దేశపు బొమ్మల స్టూడియోలలో పెక్కు విదేశీయుల కథలకు పనిచేయుచుండెను. కథ వారిది, పాత్ర వారిది. గీయుట, రంగులద్దుట మనది. హైదరాబాదుననే పనిచేసిన డి.క్యూ. ఎంటర్‌టైన్‌మెంట్ అను పెద్ద సంస్థ అట్టి పనితో పేరు గడించెను. ఇది కౌలుకు చేయు సేద్యము వంటిది. కౌలు రైతు కూడ పైరును ప్రేమించును, కలుపు తీయును, రాత్రి కావలి కాయును. పంట మాత్రము భూస్వామి గాదెకు చేరును. సొంత పాత్రను సృష్టించుట సొంత చెలక కొనుక్కొనుట వంటిది. మొదట అప్పు, ఎదురుచూపు, అనుమానము. పైరు నిలిచినదా, విత్తనము కూడ మనదే. భీముని బొమ్మ పలకసంచిపై నచ్చొత్తినను, నీళ్ళసీసాపై నచ్చొత్తినను దాని రాబడి హైదరాబాదునకే వచ్చును. 2019లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ద్వారా ప్రపంచమంతటను ప్రదర్శితమైన మైటీ లిటిల్ భీమ్ అను ధారావాహికము కూడ ఈ సంస్థదే. అందు భీము డింకను పాకు పసివాడు, మాటలు రానివాడు. మాటలు లేని బొమ్మకు అనువాదముతో పని యేమున్నది? దక్షిణ అమెరికాలోని శిశువు కూడ దానిని చూచి కిలకిల నవ్వవచ్చును.

ఇక అట్టి బొమ్మ ఎట్లు కదలునో చూతము. నిజమునకు తెరపై ఏ బొమ్మయు కదలదు. కదలని బొమ్మలే వెంటవెంటనే మారుచుండగా, మన కన్నును మనస్సును కలిసి వానిని ఒకే చలనముగా గ్రహించును. చలనచిత్రమున సెకనునకు 24 బొమ్మలు, మన టెలివిజనున సెకనునకు 25 బొమ్మలు. పదునొకండు నిమిషముల కథ యొకటి యున్నదనుకొనుడు. 11ను 60చేత, దానిని 25చేత గుణించి చూడుడు. 16,500 బొమ్మలు! మీరు పలహారము తినుచు చూచి ముగించు కథ యది.

ఇన్ని బొమ్మలను ఒక్కడు గీయజాలడు. మొదట కథ వ్రాయువారు వ్రాయుదురు. పిదప దానిని చిన్న చిన్న గళ్ళలో దృశ్యములుగా గీయుదురు. మన చిత్రకారుడును దర్శకుడును అయిన బాపు తన చలనచిత్రములకు ఇట్లే ముందుగా దృశ్యములను గీసికొనెడివారు. ఆ పిమ్మట గొంతులను ముద్రింతురు. ఇది మీకు వింతగా తోచవచ్చును. బొమ్మ గీసిన తరువాత గదా మాట, అని అడుగుదురేమో. కాని పెదవుల కదలిక మాటను బట్టి యుండవలెను గనుక మాటయే ముందు. మీరు వ్యాకరణమున ప, ఫ, బ, భ, మ లను ఓష్ఠ్యము లని చదివియుందురు. బొమ్మ గీయువానికి అది పరీక్షలో మార్కుల కొరకు కాదు, అన్నము కొరకు. 'అమ్మ' అను మాటలో 'మ్మ' వద్ద బొమ్మ పెదవులు మూసికొనకపోయినచో చూచువాడు వెంటనే పసిగట్టును, ఎందుకో చెప్పలేకపోయినను.

తరువాత కదలిక. ఒక ఎగురును దీసికొందము. భీముడు గోడ దూకవలెను. ముందుగా వాడు కొంచెము క్రిందికి క్రుంగవలెను. క్రుంగనిదే లేచిన శరీరమునకు బరువున్నట్లు తోచదు. గాలిలో నుండగా దేహము కొంచెము సాగవలెను. నేలపై వ్రాలగానే కొంచెము నలిగి, మరల సరియైన రూపమునకు రావలెను. డిస్నీ స్టూడియోలో జీవితమంతయు గడపిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అను ఇద్దరు చిత్రకారులు ఇట్టి సూత్రములను పండ్రెండింటిని క్రోడీకరించి 1981లో గ్రంథముగా ప్రకటించిరి. ప్రపంచమున ఏ మూల బొమ్మలు గీయు యువకుడైనను, సైబరాబాదులోని వాడైనను, ఆ పండ్రెండింటితోనే ఓనమాలు దిద్దును.

సూత్రములు తెలిసిన మాత్రమున చాలదు. చిత్రకారుని బల్లపై తరచుగా నొక అద్ద ముండును. జుట్టు దువ్వుకొనుటకు కాదు. ఆశ్చర్యమును గీయవలసినప్పుడు వాడే కనుబొమలెత్తి చూచుకొనును. దొంగనడక గీయవలసినప్పుడు లేచి, గదిలో ఆ మూల నుండి ఈ మూలకు మునివ్రేళ్ళపై నడచును. ప్రక్కవాడు నవ్వడు, వానికిని మధ్యాహ్నము ఏనుగువలె నడువవలసియుండును. ముప్పదియేండ్ల మనిషి కార్యాలయమున ఏనుగువలె నడచి, అందులకు జీతము పుచ్చుకొనుట ఎట్టి ఉద్యోగమో ఊహించుకొనుడు. ఈ పనిపై ప్రేమ పుట్టు స్థలములలో నిది యొకటి. తెర మీదికి రాని నటు లీ చిత్రకారులు.

ప్రతి బొమ్మను క్రొత్తగా గీయనక్కరలేని పద్ధతి కూడ నొకటి కలదు. బొమ్మ చేయి, మోచేయి, మణికట్టు, తల అన్నిటిని వేరువేరు తునుకలుగా కంప్యూటరున నుంచి, కీళ్ళవద్ద కలిపి, కావలసినట్లు త్రిప్పుదురు. ఇది ఎచ్చటనో చూచినట్లున్నదా? ధర్మవరము సమీపమున నిమ్మలకుంట అను గ్రామము కలదు. అచ్చటి తోలుబొమ్మల కళాకారులు తరతరములుగా చేయుచున్న దిదియే. తోలును పలుచగా గీకి, రంగులు వేసి, భుజమువద్దను మోచేతివద్దను కీలు కట్టి, వెనుక దీపముంచి రామాయణము నాడింతురు. ఆ గ్రామమునకు చెందిన శ్రీ దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారము లభించెను. దీపము స్థానమున విద్యుత్తు, తోలు స్థానమున అంకెలు వచ్చినవి. కీలు మాత్రము మారలేదు.

తెలుగువారికి తెరపై మాయ చేయుట నిన్నటి విద్యయు కాదు. 1957లో వెలువడిన మాయాబజారు చిత్రమున ఘటోత్కచుని వేషము ధరించిన ఎస్.వి. రంగారావు ఎదుట లడ్డూలు తమంత తామే లేచి ఆయన నోటిలోనికి పోవుట మీ తాతగారు మీకు చెప్పియే యుందురు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వద్ద కంప్యూటరు లేదు. కెమెరాయు, ఓర్పును మాత్రమే కలవు. భీమసేనుని కుమారుడు ఘటోత్కచుడు గదా! కుమారుని లడ్డూలు మద్రాసులో తయారుకాగా, అరువదియేండ్ల లోపుగనే తండ్రి పేరుగల బాలుని లడ్డూలు హైదరాబాదున తయారైనవి.

బొమ్మల చిత్రములకంటె చిత్రమైనది, నిజమైన మనుష్యుల నడుమ లేని ప్రాణిని నిలుపుట. శ్రీ ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వమున 2012లో వచ్చిన ఈగ చిత్రమున కథానాయకు డొక ఈగ. హత్యకు గురియైన యువకుడు ఈగగా పుట్టి పగ తీర్చుకొనుట కథ. ఆ ఈగను రూపొందించిన ప్రధాన సంస్థ హైదరాబాదులోని మకుట. ఆ కృషికి ఆ సంస్థకు జాతీయ పురస్కారము లభించెను.

ఈగను కథానాయకుని చేయుటలోని కష్టమేమో ఆలోచింపుడు. దానికి కనుబొమలు లేవు, పెదవులు లేవు, కంటిలో పాప లేదు. కోపము వచ్చినదని, దుఃఖము కలిగినదని ఏ అవయవముతో తెలుపవలెను? తల యొకింత వంచుట, ముంగాళ్ళు దించుట, ఆగి చూచుట, ఇట్టి భంగిమలే దిక్కు. అమెరికాలో పిక్సార్ సంస్థ 1986లో బల్లదీపములను పాత్రలుగా చేసి లక్సో జూనియర్ అను చిన్న చిత్రము నిర్మించినది. ముఖమే లేని దీపము కూడ ఒంటి వంపుతో సంతోషమును, సిగ్గును చూపగలదని దానివలన తేలినది. ఈగకు ముఖమైన నున్నది, నయమే!

రెక్కల సంగతి మరియొక చిక్కు. ఈగ సెకనునకు సుమారు 200 మారులు రెక్కలు ఆడించును. చలనచిత్రమునకు సెకనునకు 24 బొమ్మలే. అనగా ఒక్క బొమ్మ కాలములో రెక్కలు ఎనిమిది మారులు లేచి పడును. రెక్కను స్పష్టముగా గీసినచో అది అబద్ధమగును. పొగవలె మసకగా గీసినప్పుడే నిజమగును. నిజమును చూపుటకు ఎంతవరకు చెరుపవలెనో తెలిసికొనుటయే ఈ విద్యలోని రహస్యము. అది తెలిసిన దినమున కలుగు సంతోషమును జీతపు చీటీ ఈయలేదు.

2015లో వచ్చిన బాహుబలి మొదటి భాగమున కథానాయకుడు ఎక్కు మహాజలపాతమును మీలో చాలమంది చూచియుందురు. అదియు మకుట వారి పనియే. కంప్యూటరున నీటిని కల్పించుట మిక్కిలి కఠినము. రాయి ఒకచోట నుండును. నీరు రాతిని తాకి చీలును, తుంపురగును, నురుగగును, పొగమంచగును. కోట్లకొలది బిందువు లెటు పోవునో గురుత్వాకర్షణ సూత్రముల ననుసరించి కంప్యూటరు లెక్కగట్టవలెను. మీ భౌతికశాస్త్ర పుస్తకమున నున్న సూత్రములే అవి. లెక్క ముగిసిన పిదప వెలుగునీడలతో తుది బొమ్మను సిద్ధపరచుటను రెండరింగు అందురు. ఒక్కొక్క బొమ్మకు ఒక్క కంప్యూటరు ఒక గంట తీసికొన్నదనుకొనిన, అయిదు సెకనుల దృశ్యమునకు 120 గంటలు, అనగా అయిదు పగళ్ళు అయిదు రాత్రులు పట్టును. అందుచేతనే వందలకొలది కంప్యూటర్లను ఒకే గదిలో వరుసలుగా నిలిపి, రాత్రియంతయు లెక్క చేయింతురు. ఉదయము వచ్చి తెర తెరచి చూచుట, పెరట్లో నాటిన గింజ మొలచినదో లేదో చూచుట వంటిది. కొన్ని దినముల మొలకెత్తును. కొన్ని దినముల నీరు కొండ లోపలినుండి కారుచుండును. మరల మొదటికి.

ఇంతవరకు చెప్పినది రుచికరమైన భాగము. అందరికిని ఆ భాగమే దొరకదు. వినోదపరిశ్రమలో అధికసంఖ్యాకులు చేయు పని వేరు. కథానాయకుడు గాలిలో ఎగురుచున్నాడు. వానిని మోయు తీగ తెరపై కనబడరాదు. ఎవరో కూర్చుండి, ప్రతి బొమ్మలోను ఆ తీగను తుడిచివేయవలెను. పది సెకనుల దృశ్యమైన 240 బొమ్మలు. మనిషిని వెనుకటి దృశ్యమునుండి వేరుపరచుటకు వాని అంచును, రేగిన జుట్టుతో సహా, బొమ్మ బొమ్మకు గీయవలెను. దీనిని రోటో పని యందురు. మాక్స్ ఫ్లైషర్ అను అమెరికా చిత్రకారుడు పేటెంటు పొందిన పాత పద్ధతి పేరునుండి ఈ మాట వచ్చినది. ఆ పేటెంటు 1917 నాటిది. ఈ పని బాగుగా చేసినచో ఎవ్వరికిని కనబడదు. చెడగొట్టినప్పుడు మాత్రమే కనబడును. కనబడని దానిని ప్రేమించుట కష్టము. అయినను ఇట్టి పనిలో ఏండ్ల తరబడి నిలిచి, తీగ లేని గాలిని చూచి తనలో తాను గర్వించువారు లేకపోలేదు. నా మట్టుకు నేను వారినే గొప్పవారుగా నెంతును.

వీరి గడియారము కూడ కొంత విలక్షణమైనది. హాలీవుడ్ ఉన్న లాస్ ఏంజలిస్ నగరమున సాయంకాలము ఆరుగంటలైనప్పుడు హైదరాబాదున మరునాటి ఉదయము ఆరున్నర గాని, ఋతువును బట్టి ఏడున్నర గాని యగును. అచ్చటివారు దీపములార్పి ఇంటికి పోవు వేళకు ఇచ్చటివారు చాయ త్రాగి కూర్చుందురు. వారు విడిచిన పనిని వీరందుకొందురు. ఈ విధముగా నొక చిత్రము నిద్రపోకుండ ఇరువదినాలుగు గంటలు సాగును. చిత్రము నిద్రపోకపోవుట మంచిదే. మనుష్యుల మాట వేరు.

ఇచ్చట లైఫ్ ఆఫ్ పై అను చిత్రమును గూర్చి చెప్పవలసియున్నది. ఆంగ్ లీ దర్శకత్వమున 2012లో వెలువడిన ఆ చిత్రమున పుదుచ్చేరి బాలు డొకడు సముద్రమధ్యమున, చిన్న పడవలో, పెద్దపులితో చిక్కుకొనును. పడవ దృశ్యములను తైవాను దేశమున కట్టిన నీటితొట్టిలో తీసిరి. పులి విషయమై, కొన్ని దృశ్యములలో నిజమైన పులులు కనబడినను, ఎక్కువ భాగము కంప్యూటరున కల్పించినదే. తడిసిన రోమము, ఆకలికి ఎండిన డొక్క, పడవ ఊగినపుడు తడబడు పాదము అన్నియు కల్పితములు. ఆ పనిని నిర్వహించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు అమెరికాలో కేంద్రము. హైదరాబాదునను, ముంబయిలోను, మలేసియాలోను, మరికొన్ని చోట్లను శాఖ లుండెను. హైదరాబాదు కళాకారులకును ఆ చిత్రపు పనిలో భాగము కలదు.

2013 ఫిబ్రవరి 24న ఆ చిత్రమునకు నాలుగు ఆస్కారు పురస్కారములు వచ్చెను. మాయాదృశ్యముల పురస్కారము వానిలో నొకటి. కాని అంతకు పదుమూడు దినముల ముందే, ఫిబ్రవరి 11న, ఆ పులిని చేసిన సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకొనెను! అమెరికాలో సుమారు 250 మంది ఉద్యోగములు పోయినవి. పురస్కారములు పంచు మందిరము వెలుపల వందలాది కళాకారులు నిరసన తెలుపుచు నిలిచిరి. లోపల, పురస్కార మందుకొనిన బృందనాయకుడు బిల్ వెస్టెన్‌హోఫర్ తన సంస్థకు కలిగిన కష్టమును గూర్చి చెప్పనారంభించుచుండగనే వాద్యసంగీతము బిగ్గరగా మ్రోగి ఆయన మాటను ముంచివేసెను. తరువాత ఆ సంస్థను వేరొకరు కొనిరి.

ప్రపంచమున నత్యుత్తమమైన పని చేసినవారు దివాలా తీయుట ఎట్లు సంభవించును? లెక్క సులభమే. ఇట్టి సంస్థలు చిత్రనిర్మాతతో ముందుగనే ఒక మొత్తమునకు ఒప్పందము చేసికొనును. ఇల్లు కట్టు మేస్త్రీతో మొత్తము బేరము కుదుర్చుకొన్నట్లు. గోడ లేచిన పిదప యజమాని వచ్చి, తలుపు ఈ ప్రక్కకు మార్చుమనును, కిటికీ పెద్దది చేయుమనును. బేరము మాత్రము పెంచడు. మేస్త్రీ అంగీకరింపనిచో ప్రక్క ఊరి మేస్త్రీ తక్కువకు వచ్చుటకు సిద్ధముగా నున్నాడు. కొన్ని దేశముల ప్రభుత్వములు తమ దేశమున పని చేయించినవారికి రాయితీలిచ్చుటచేత ఆ పోటీ మరింత తీవ్రమైనది. విడుదల తేదీ మాత్రము మారదు. అందుచేత భారమంతయు దిగుచు దిగుచు చివరకు రాత్రి పదునొకండు గంటలకు తెరముందు కూర్చున్న మనిషిపై పడును.

వాడు లేచి పోవచ్చును గదా? పోడు. పులి చెవి ఇంకను సరిగా కదలలేదు. దానిని అట్లే విడిచి పోవుటకు వానికి మనసొప్పదు. ఇదియే ఆ వెల. పనిని ద్వేషించువాడు గంట కొట్టగానే లేచును. ప్రేమించువాడు లేవడు. ఈ సంగతి లెక్కలు వేయువారికి తెలియును. 'మీకు ఇష్టమైన పనియే గదా' అను మాట పొగడ్తవలె వినిపించును గాని, ఒక్కొక్కప్పుడు జీతము తగ్గించుటకును, ఆదివారము పిలిపించుటకును అదే సాకు. పొలమును ప్రేమించు రైతుకు గిట్టుబాటు ధర అక్కరలేదని ఎవరైన అందురా?

అయినను యువకు లీ విద్యవైపు వచ్చుచునే యున్నారు. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమున యానిమేషను ఒక పట్టపు చదువు. అచ్చట చేరువారు మొదట నేర్చునది కంప్యూటరు కాదు, పెన్సిలు. నిలుచున్న మనిషిని, నడచు కుక్కను, మడత పడిన గుడ్డను చూచి గీయుట. ఆ విద్యకు ఎక్కువ సొమ్ము అక్కరలేదు. మీ నోటుపుస్తకపు మూలలో, పుటకొకటి చొప్పున, చిన్న బంతి బొమ్మను కొంచెము కొంచెము జరుపుచు గీయుడు. 24 పుటలు గీసి, బొటనవ్రేలితో జరజర విడువుడు. ఒక్క సెకను చిత్రము సిద్ధమగును. మొదటిమారు ఆ బంతి రాయివలె పడును. నేల తాకినచోట దానిని కొంచెము నలుపుడు. అప్పుడది ఎగురును.

ఇక చిత్రము ముగిసిన పిదప తెరపై పేర్లు వచ్చును గదా. మొదట తారలు, దర్శకుడు. పిమ్మట సన్నని అక్షరములలో వందలకొలది పేర్లు వరుసగా పైకి సాగిపోవును. ఆ జాబితాలో చేరని పేర్లు కూడ నెన్నియో కలవు. కౌలుపనిలో సంస్థ పేరు మాత్రమే వేసి ఊరకుండుట తరచుగా జరుగునదే. అప్పటికి దీపములు వెలుగును, తలుపులు తెరచుకొనును, జనము చెప్పులు వెదకుకొని లేతురు. హైదరాబాదు సినిమాహాళ్ళలో ఒక్కొక్కప్పుడు ఏదో ఒక వరుసలో ఒక కుటుంబము మాత్రము లేవక కూర్చుండును. తల్లి కన్నడ్డము పెట్టుకొని పేర్లు చదువుచుండును. కుమారుడు వ్రేలు చాచి, వచ్చుచున్నది, వచ్చుచున్నది, అనుచుండును.